మిద్దె మీది గది అమ్మబడును

‘పాతబస్తీలో మిద్దె మీది భాగం అమ్మబడును. రెండు గదులు, ముందు వసారా, వీధిలోంచి విడిగా మెట్లు. కొండారెడ్డి బురుజు దగ్గరే. గాలీ వెలుతురూ ధారాళం.’

నిరుడు ఎండాకాలంలో కర్నూలు నుంచి మా అన్న ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి, ఫొటో తీసి కడపలో ఉన్న నాకు పంపించాడు. ‘పేపర్లో వేయిద్దామనుకుంటున్నా. తప్పులేమన్నా ఉంటే దిద్దు పాపా’ అని కింద ఒక మాట. ఇంట్లో ఆఖరిదాన్ని నేనే. టీచరుగా చేసి రిటైరయ్యాను కాబట్టి తప్పులు దిద్దే పని ఎప్పుడూ నాదే. ఆ రోజు మాత్రం చదువుతూ చదువుతూ ఆగిపోయాను. అమ్మబడేది నేను పుట్టిన గది మరి!

మా ముత్తాత కట్టించిన ఇల్లది. కింద పడసాల, రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న పెరడు. రాతి గోడలు, వాటి మీద సున్నపు పూత. నేల మీద బేతంచెర్ల బండలు. ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద ఉత్త చాప పరుచుకుని పడుకుంటే ప్రాణం లేచొచ్చేది. పై గదులకు టేకు దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన పలకలు పరిచి చవుడు మన్ను కప్పారు. మన సీమలో మట్టి మిద్దె కింద పెరిగిన వాళ్లకు ఈ చవుడు మన్ను సంగతి వేరే చెప్పక్కర్లేదు. వానలు పడక ముందే బండ్లతో తోలించి మళ్లీ పరిపించాలి. ఒక్క ఏడు మరిచిపోతే మొదటి వానకే మంచం మీద కారుతుంది.

గది నడిమధ్యన కప్పులో ఒక గవాచి ఉండేది. దానిలోంచి పడే వెలుతురు గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో చూసి మా అవ్వ టైము చెప్పేది. గడియారం కంటే ఓ పది నిమిషాలు అటూ ఇటూ, అంతే!

ఆ గదులకు కాస్త చరిత్ర కూడా ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఊళ్లో ఆఫీసులకూ చోటు చాల్లేదు, ఉద్యోగులకూ చాల్లేదు. డేరాల్లో ఆఫీసులు నడిచిన రోజులవి. ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని ఇప్పటికీ అంటామే, ఆ పేర్లు అప్పటివే. ఆ రోజుల్లో మా మిద్దె గదుల్లో మద్రాసు నుంచి వచ్చిన ఒక గుమాస్తా కుటుంబం బాడుగకు దిగింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు తరలిపోయేదాకా వాళ్లు అక్కడే ఉన్నారు. పోయేటప్పుడు ఆ ఇల్లాలు మా అవ్వకు తన కాఫీ ఫిల్టరు ఇచ్చి పోయిందట. ‘రాజధాని పోయినా ఫిల్టరు మాత్రం మనకే మిగిలింది’ అని నాయన నవ్వేవాడు.

నవ్వుకోలేని రోజులూ ఉన్నాయి. 2009 అక్టోబరు 2. పైనుంచి సుంకేశుల దాటి పొంగి వచ్చిన తుంగభద్ర ఒకవైపు, హంద్రీ ఒకవైపు, దిగువన శ్రీశైలం జలాశయం నిండి వెనక్కి తన్నిన నీళ్లు ఒకవైపు. పాతబస్తీ ఆ నీళ్ల మధ్యలో చిక్కింది. అమ్మా నాయనా, అన్నా వదినా, ఇద్దరు పిల్లలూ అందరూ కింద ఇంట్లోనే ఉన్నారు. వీధిలో నీళ్లు చూసి, బియ్యం మూటా కిరసనాయిలు స్టవ్వూ పట్టుకుని మిద్దెక్కారు. పక్కింటి బీబీ కుటుంబానిది ఒంటి అంతస్తు ఇల్లు. వాళ్లూ మా మెట్లే ఎక్కారు. పదిహేను మెట్లలో పదకొండు మునిగాయి. ఆ రెండు గదుల్లో పదకొండు మంది, ఒక మేకపిల్ల! కడపలో నేను ఫోను పట్టుకుని కూర్చుంటే అది పలకదు. నీళ్లు తీశాక ఎవరిదో ఫోన్లోంచి అమ్మ గొంతు వినబడింది. ‘మిద్దె ఉండబట్టి బతికినాం మే’ అంది.

ఇప్పుడు చెప్పండి, అలాంటి గదికి ‘అమ్మబడును’ అన్న మాట పక్కన కనబడితే నాకెలా ఉంటుంది?

కాగితంలో లేని మాట

అన్న వైపు నుంచి చూస్తే అతను చెప్పేదీ న్యాయమే. వరద తర్వాత వాళ్లు సి క్యాంపు వైపు ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. నాయన 2011లో పోయాడు. అమ్మ అన్న దగ్గరే ఉంది. పాతింట్లో కింది భాగం ఒక వ్యాపారి గోడౌనుగా వాడుకుంటున్నాడు. పైన తాళం. దూలాల చివర్లకు చెద పట్టింది. ఇంటిపన్నూ, ఏటేటా మన్ను తోలించే ఖర్చూ అన్నదే. ‘కిందిది ఉంచుకుందాం. పైది అమ్మితే ఆ డబ్బుతో మిగతాది బాగుచేయించొచ్చు’ అన్నాడు. నేను ఊఁ అనలేదు, వద్దనలేదు.

వారం తర్వాత ఇంకో కాగితం వచ్చింది. బేరం కుదిరేలోపు కాగితాలు సిద్ధంగా ఉండాలని దస్తావేజుల రైటరుతో రాయించిన విడుదల పత్రం. అక్కా నేనూ సంతకం పెట్టాలట. మా ఆయన పక్కనే కూర్చుని, ‘పుట్టింటి విషయంలో తగువెందుకు, పెట్టేసెయ్యి’ అన్నారు. నేనూ కలం తీశాను. అయితే నలభై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఏ కాగితం చేతికొచ్చినా తప్పులు వెతకడం మొదలుపెడతాను కదా! హద్దుల దగ్గరికి వచ్చేసరికి ఏదో తేడా కొట్టింది. తూర్పున వీధి, పడమర పెరటి గోడ... ఇదంతా కింది ఇంటి చెక్కుబందీ. మళ్లీ మొదటి నుంచీ చదివాను. ‘మిద్దె’ అన్న మాట ఎక్కడా లేదు. యావత్తు ఇంటి మీదా స్థలం మీదా మాకున్న సర్వహక్కులనూ ప్రతిఫలమేమీ తీసుకోకుండా సోదరుడికి వదులుకుంటున్నామని ఉంది.

అన్నకు ఫోన్ చేశాను. నేను చెప్పేదాకా తనకూ తెలియదట. ‘రైటరు రాసిందే పంపినా పాపా. ఆడబిడ్డల సంతకాలు మామూలుగా ఇట్లనే తీసుకుంటారంట. అక్క పెండ్లి 82లోనే అయిపాయె గదా, అక్కకెట్లా భాగం రాదంట. ముందుజాగ్రత్తకు ఆమెతో కూడా పెట్టిస్తాన్నాం’ అన్నాడు.

అన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. నాకు గుచ్చుకున్నది ఆ ‘మామూలుగా’ అన్న మాటే. మామూలుగా ఎంతమంది ఆడబిడ్డలు ఇలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టి, కాఫీ తాగి, చీరె పెట్టించుకుని బస్సెక్కి ఉంటారు?

ఇద్దరు అక్కాచెల్లెళ్లు, రెండు తేదీలు

కడపలో నాకు తెలిసిన ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె కళ్లజోడు సవరించుకుని ముందు అడిగిన ప్రశ్న ‘మీ ఇద్దరి పెళ్లిళ్లూ ఎప్పుడయ్యాయి?’ అని. ఇల్లు గురించి వస్తే పెళ్లి గురించి అడుగుతుందేమిటా అనుకున్నాను. ఆమె చెప్పింది వింటే మీకూ తెలుస్తుంది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షను అని ఒకటి ఉండేది. కుటుంబం కాపురముండే ఇంటిని మగవారసులు పంచుకోవాలనుకుంటే తప్ప, పంచమని కూతుళ్లు అడగడానికి వీల్లేదని దాని సారాంశం. పెళ్లికాని పిల్లకో, భర్త వదిలేసినామెకో, వితంతువుకో తలదాచుకునే హక్కు మాత్రం ఉండేది.

ఆ తర్వాత ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో, 1986లో, మన రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకులాగే కూతురికీ పుట్టుకతోనే సమాన హక్కు వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. దేశమంతటికీ అలాంటి చట్టం రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టిందంటే మనవాళ్ల ముందుచూపు చూడండి! అయితే అందులో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదు.

నా పెళ్లి 1988లో. అక్క పెళ్లి 1982లో. ఒకే తల్లికి, ఒకే గదిలో పుట్టిన ఇద్దరిలో నాకు భాగం ఉంది, అక్కకు లేదు! కారణం? నాయన అక్కకు ముందు పెళ్లి చేశాడు, అంతే.

ఈ తేడాను తీసేసింది 2005 నాటి కేంద్ర సవరణ. ఆ ఏడు సెప్టెంబరు 9 నుంచి పెళ్లి ఎప్పుడయిందన్న లెక్క లేకుండా కూతుళ్లందరికీ ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. 23వ సెక్షను కూడా దాంతోనే పోయింది. తండ్రి ఆ తేదీ నాటికి బతికి ఉండాలా అన్న అనుమానం కోర్టుల్లో చాలా ఏళ్లు నలిగింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, అలా ఉండాల్సిన పనిలేదని తేల్చి చెప్పింది. అలాగని గడిచినదంతా తవ్వడానికీ లేదు. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం పంచుకున్న ఆస్తినో, అమ్మేసిన ఆస్తినో తిరగదోడటం కుదరదు.

ఇది ఉమ్మడి ఆస్తి సంగతి. తండ్రి సొంతంగా సంపాదించినదైతే లెక్క వేరు. వీలునామా రాస్తే ఆయన ఇష్టం. రాయకుండా పోతే భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమానమే. ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక భాగం.

మా ముత్తాత ఇల్లు ఏనాడూ పంచుకున్నది కాదు. అంటే మా ముగ్గురికీ సమానం. నాయన భాగంలోంచి అమ్మకూ వస్తుంది. ‘2005 నుంచీ మీ అక్కగారికి హక్కుందమ్మా. ఆమెకు ఎవరైనా చెప్పారా?’ అని లాయరమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. నా తమ్ముళ్ల వయసు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, సొంత అక్కకు చెప్పలేదు.

అక్క అన్న మాట

అక్క నంద్యాలలో ఉంటుంది. బావ పోయి తొమ్మిదేళ్లు. కొడుకు చిన్న ఉద్యోగంతో బెంగళూరులో. ఆమె ఒక గది బాడుగకు తీసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. జాకెట్లు కుడుతుంది, ఫాల్సు వేస్తుంది. కర్నూలు పోతూ దారిలో దిగాను. నా మనసులో ఒకటే ఉంది. ఇద్దరం కలిసి ‘అమ్మొద్దు’ అంటే అన్న వినక ఏం చేస్తాడు?

అవ్వ గురించీ, గవాచి గురించీ, వరద రాత్రి గురించీ అరగంట చెప్పాను. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ అంతా వినింది. చివరికి అంది: ‘నీకు గవాచి వెల్తురు గుర్తుకొస్తాది మే. నాకు ఒకటో తేదీ బాడుగ గుర్తుకొస్తాది.’

నా నోట మాట రాలేదు. కాసేపటికి ఆమే అంది. ‘పసుపు కుంకుమ కింద ఇచ్చినారు గదా, ఇంక నాకేముండాది అనుకున్యా. సంతకం పెట్టమంటే పెడదామనే ఉన్యా.’

ఆ సాయంత్రం కర్నూలు బస్సులో కూర్చుని ఆలోచించాను. జ్ఞాపకాల కోసం ఇల్లు అట్టే ఉండాలని కోరుకోవడం నాకు సులువు. నాకు పెన్షను వస్తుంది, ఉండటానికి ఇల్లుంది. ఏటా మన్ను తోలించే ఖర్చు నేను పంచుకున్నదీ లేదు. ఆ గదిని కాపాడమని నేనంటే, ఆ కాపాడే ఖర్చు అన్నది, రాకుండా పోయే డబ్బు అక్కది. నాదేమీ లేదు!

మర్నాడు అమ్మ మంచం చుట్టూ కూర్చున్నాం. తేదీలన్నీ వరసగా చెప్పాను. అన్న చాలాసేపు మాట్లాడలేదు. వదినే ముందు అంది, ‘మా పుట్టింట్లోనూ నాతో ఇట్లాంటిదే పెట్టించుకున్యారు. చదవను కూడా లేదు’ అని. అప్పుడు అన్న ఆ విడుదల పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మ ఒక్క మాటే అంది. ‘ఆ పొద్దు మనల్నందర్నీ కాపాడె. ఈ పొద్దు మీ అక్కను కాపాడనీ.’

ఇన్నేళ్లూ అన్న కట్టిన పన్నూ, మరమ్మతుల ఖర్చూ ముందు తీసేసి మిగిలింది భాగాల ప్రకారం పంచుకునేటట్టు కాగితం రాసుకున్నాం. అందుకు నేనూ అక్కా మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాం. న్యాయం ఆడబిడ్డకు ఒక్కదానికే కాదు కదా!

పాతింట్లో పై భాగం కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు

ఈ పనిలో మేం నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

పై అంతస్తు కొంటే కింద నేల ఎవరిదన్నది మొదటి ప్రశ్న. స్థలంలో విడదీయని భాగం ఇంత అని దస్తావేజులో రాయించుకోకపోతే, రేపు ఇల్లు కూలిన రోజున కొన్నవాళ్లకు మిగిలేది గాలే. మెట్లు ఎవరివి, పైకప్పు ఎవరిది, నీళ్ల పైపు ఎటు పోతుంది, కరెంటు మీటరు విడిగా ఉందా అన్నవన్నీ రాతలో ఉండాలి. మట్టి మిద్దె అయితే ఏటా మన్ను ఎవరు పోయించాలో కూడా!

లింకు దస్తావేజులూ, ఈసీ, పన్ను రసీదులతో పాటు వంశవృక్షం అడగండి. అందులో ఆడపిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. వాళ్ల సంతకాలు లేకుండా కొంటే ఎప్పటికైనా కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. ఉమ్మడి ఇంట్లో ఒక్కరి భాగం మాత్రమే బయటివాళ్లు కొన్నా, ఆ ఇంట్లో వాళ్లతో కలిసి కాపురముండే హక్కు రాదు. పంపకం కోసం దావా వేసుకోవాల్సిందే.

దూలాలను మధ్యలో కాదు, గోడలో దిగే చివర్ల దగ్గర తట్టి చూడండి. తేమా చెదా ముందు పట్టేది అక్కడే. సున్నపు గోడకు సిమెంటు పూత పూయిస్తామంటే ఒప్పుకోవద్దు. సున్నం తేమను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని గోడలోనే ఆపేస్తుంది. కర్నూలు పాతబస్తీలోనైతే 2009లో నీళ్లు ఎందాకా వచ్చాయో ఆ వీధి వాళ్లను అడగండి. వాళ్లు గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు.

ఇక సంతకం పెట్టే ఆడవాళ్లకు. విడుదల పత్రం అంటే ఊరికే మర్యాదకు పెట్టే సంతకం కాదు. రిజిస్టరైందంటే మీ హక్కు పోయినట్టే. అన్నదమ్ములకు వదులుకోవాలని మీకే ఉంటే నిక్షేపంలా వదులుకోండి. అయితే ఏమి వదులుకుంటున్నారో చెక్కుబందీ చదివి, తెలిసి వదులుకోండి.

కడపలో నేను పుస్తకాల కోసం వెళ్లే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉన్నచోట ఒకప్పుడు బ్రౌన్ దొరగారి బంగళా ఉండేది. సొంత డబ్బుతో కొన్న ఆ బంగళాలోనే పండితులను పెట్టుకుని తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడాయన. ఆ బంగళా శిథిలమైపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో ఆ స్థలంలో గ్రంథాలయం వెలిసింది. గోడలు నిలవలేదు గానీ, ఆయన రాయించిన కాగితాలు నిలిచాయి. ఇప్పుడు అటు వెళ్లినప్పుడల్లా నాకు మా ఇంటి కాగితమే గుర్తొస్తుంది.

మా మిద్దె గదులను ఒక యువజంట కొనుక్కుంది. ఇద్దరూ టీచర్లే! గవాచికి అద్దం బిగించుకున్నారు గానీ మూయలేదు. దస్తావేజులో అమ్మినవారి కింద నాలుగు సంతకాలున్నాయి. మొదటిది అమ్మది, రెండోది అక్కది. అక్క తన పేరు రాయడానికి చాలా సేపు తీసుకుంది. తన వాటాతో నంద్యాలలో ఒక చిన్న పోర్షన్‌కు బయానా ఇచ్చింది.

అన్నట్టు, పేపర్లో వేసిన ప్రకటనలో నేను దిద్దింది ఒక్కటే. అన్న రాసిన దానిలో కింద అన్న పేరు ఒక్కటే ఉంది. దాని పైన అమ్మ పేరూ అక్క పేరూ, కింద నా పేరూ చేర్చాను. మిగతాదంతా సరిగ్గానే ఉంది. గాలీ వెలుతురూ నిజంగానే ధారాళం.